జాతర గురువారం నాటి సర్వే

"ఆ బ్రష్షు కింద పెట్టు."

సుభాషిణి గొంతు పెంచలేదు. కానీ ఆమె చేతిలో వెల్డింగ్ రాడ్డు ఉంది, దాని కొస ఇంకా ఎర్రగా ఉంది. పెయింటర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మూసి ఉన్న పొరుగు షెడ్డు షట్టర్ మీద అప్పటికే ఒక ఎర్ర గీత పడింది. దానికి అడ్డంగా ఇంకోటి పడితే ఇంటూ గుర్తు పూర్తవుతుంది. ఇంటూ పడిందంటే ఆ షెడ్డు మూతపడినట్టు లెక్క.

ఆమె వరుస పొడవునా చూసింది. ట్రంకు పెట్టెల షెడ్డుకు ఇంటూ. ఆయిల్ మిల్లుకు ఇంటూ. గ్రానైట్ పాలిష్ షెడ్డుకు ఇంటూ. రోడ్డు చివరి దాకా ఎర్ర గుర్తులే. గుండ్లవాగు పారిశ్రామికవాడలో ఆ పూట తెరిచి ఉన్నవి ట్రాక్టర్లకు ఇనుప కేజీ వీల్స్ చేసే సుభాషిణి షెడ్డు, పక్కనే అహ్మద్ లేత్ షెడ్డు, ఎదురుగా ఫాతిమా బేగం దూది ఏకే షెడ్డు. అంతే.

"మేడం ఏది?" అంది సుభాషిణి.

మేడం జీపు వెనక నుంచి వచ్చింది. పేరు కావ్య, నగర ప్రణాళిక అధికారి. వయసు చిన్నది, ఎండకు మొహం కమిలింది, చేతిలో ట్యాబ్.

"మీ షెడ్డు నడుస్తోంది కదండీ. మీకు ఇంటూ వెయ్యలేదు."

"నాకు వెయ్యకపోతె అయిపాయెనా? వరుస మొత్తం మూతపడ్డదని రాస్తె నా షెడ్డు ఒక్కటి గాల్ల ఉంటదా?"

సుభాషిణి భయం ఉత్తదేమీ కాదు. నగరంలో మిగిలిన పరిశ్రమల భూమిని అపార్ట్‌మెంట్లకు, ఫంక్షన్ హాళ్లకు మార్చకుండా కాపాడాలని కొత్త విధానం వచ్చింది. వాడలో సగానికి పైగా షెడ్లు నడుస్తుంటే ఆ భూమి జోలికి ఎవరూ రాకూడదు. సగానికి తగ్గితే మాత్రం ఎవరైనా మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు పెట్టేవాళ్లు ఏడాదిగా వాడ చుట్టూ కార్లలో తిరుగుతూనే ఉన్నారు.

"ఇయ్యాల మేడారం జాతర మేడం," అంది సుభాషిణి. "సమ్మక్క గద్దె మీదికి వచ్చే గురువారం. ఈ వాడల ఎవడు ఉంటడు? నర్సంపేట రైతులకు దమ్ముకు కేజీ వీల్స్ అర్జెంటని నేను ఆగిన. లేకుంటె నేను గూడ ఆడనే ఉందును."

"జాతర రోజు ఎందుకని నేనూ అడిగాను. ఈ నెలలో ఏ రోజైనా ఎంచుకోండని మీ కమిటీకి నేనే చెప్పాను. గురువారమే రమ్మని మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. జాతరకు పోయేవాళ్లు ముందే పోయొస్తారు, ఆ రోజు అందరూ పనిలో ఉంటారు అన్నారట."

"ఎవరన్నరు?"

"కమిటీ నుంచి అని మాత్రమే చెప్పారు. ఫోన్ ఎత్తింది మా అటెండర్. పేరు అడగలేదు."

అహ్మద్ లేత్ ఆపి బయటికొచ్చాడు. నూనె చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "మేడం, జర ఆదివారం దాంక ఆగున్రి. అందరొస్తరు. మోటర్ల చప్పుడుకు మీరే చెవులు మూసుకుంటరు," అన్నాడు.

కావ్య కొంచెం నవ్వింది. కానీ తల అడ్డంగా ఊపింది. "సర్వే బాగా రాని ప్రతిచోటా తేదీ తప్పైందనే అంటున్నారు. అందుకే పైనుంచి ఒక షరతు పెట్టారు. సోమవారం మధ్యాహ్నం రిపోర్టు పంపాలి. ఆలోగా, షెడ్డు ఎవరి పేరున ఉందో ఆ మనుషుల్లో ఎవరైనా నా ముందుకొచ్చి, తప్పుడు తేదీ ఇచ్చింది ఫలానావాళ్లు అని పేరు చెప్పాలి. చెబితే మళ్లీ సర్వే. చెప్పకపోతే ఇవాళ కళ్లతో చూసిందే ఖాయం."

జీపు వెళ్లిపోయింది. పెయింటు వాసన మాత్రం మిగిలింది.

---

ఫాతిమా బేగం చాయ్ పోసింది. ఆమె షెడ్డులో ఎప్పుడూ గాలిలో దూది పోగులు తేలుతుంటాయి. చాయ్ తాగే ముందు గ్లాసు మీద ఊదుకోవాల్సిందే.

"ఫోన్ తలుగుతాందా?" అంది.

"ఎక్కడ తలుగుతది ఆపా. మేడారంల గంతమంది ఉంటె టవర్ ఏం చేస్తది," అంది సుభాషిణి. చంద్రమౌళి, సదానందం, సారంగపాణి. కమిటీలో ఉన్నది ఆ ముగ్గురే. ముగ్గురి ఫోన్లూ కలవడం లేదు.

"ఇది చంద్రమౌళి పనే," అన్నాడు అహ్మద్. "ఆయిల్ మిల్లు అమ్మేసి కాళ్లు సాపుకొని పండుకుంటనని ప్రతి మీటింగుల అంటాండు."

"నోటితోటి అనెటోడు చేస్తడా భాయ్?"

"మరి సారంగన్న చేస్తడా?"

ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. వాడను కాపాడాలని అందరికంటే ముందు జెండా పట్టింది సారంగపాణి. కలెక్టరేట్ ముందు కూర్చున్నప్పుడు గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చింది ఆయనే. సుభాషిణి భర్త చనిపోయిన ఏడాది, ఆడమనిషి వెల్డింగ్ షెడ్డు ఏం నడుపుతుందని అందరూ అంటుంటే, తన గ్రానైట్ షెడ్డు గేటు పని మొదట ఆమెకే ఇచ్చాడు. ఆ గేటు ఇప్పటికీ కిర్రుమనకుండా తిరుగుతుంది.

సుభాషిణి గ్లాసు పక్కన పెట్టింది. గేటు అనుకోగానే ఇంకో గేటు గుర్తొచ్చింది.

"ఆపా, పొద్దుగాల జీపు ఎట్ల లోపలికొచ్చింది?"

"ఎట్లొస్తది, పెద్ద గేటు నుంచి."

"నిన్న సాయంత్రం నేను ఇంటికి పోయేటప్పుడు పెద్ద గేటుకు తాళం ఉన్నది. నేను పక్క సందుల నుంచి పోయిన. పొద్దున గూడ సందుల నుంచే వచ్చిన."

అహ్మద్ చేతిలోని గుడ్డ ఆగింది. "నేను గూడ సందుల నుంచే వచ్చిన."

జాతరకు వాడ ఖాళీ అయ్యేటప్పుడు పెద్ద గేటుకు కమిటీ తాళం వేస్తుంది. తాళంచెవులు ఆ ముగ్గురి దగ్గరే ఉంటాయి. ముగ్గురూ బుధవారమే బయల్దేరారు. చంద్రమౌళి కుటుంబంతో కారులో పోయాడు. సదానందం భార్య కట్టమ్మతో బస్సెక్కాడు. సారంగపాణి తన భార్య సమ్మమ్మను వాడ ఆడవాళ్లతో కలిపి టెంపోలో పంపి, వెనక బండి మీద వస్తానన్నాడు.

"అంటె ముగ్గుర్ల ఒకడు మేడారం పోలే," అంది ఫాతిమా బేగం నెమ్మదిగా. "ఈడనే ఉండి జీపుకు గేటు తీసిండు."

"సమ్మక్కతల్లికి మొక్కు ఎగ్గొట్టిండా?" అన్నాడు అహ్మద్. తేదీ మార్చడం కంటే అదే ఆయనకు పెద్ద నేరంలా తోచింది. "ఎంత ధైర్యం ఉండాలె."

---

శనివారం సాయంత్రానికి ఫోన్లు కలిశాయి. మొదట చేసింది సారంగపాణే.

"విన్న చెల్లె, అంతా విన్న. నేనుంటె ఆ పెయింటు డబ్బా వాళ్ల నెత్తి మీదనే గుమ్మరిద్దును. నువ్వు ఫికర్ చెయ్యకు. సోమవారం ధర్నా పెడ్దాం."

"ధర్నా ఎందుకన్నా. పేరు చెప్తె సాలట."

"ఏం పేరు?"

"తేదీ ఇచ్చినోడి పేరు."

సారంగపాణి గొంతు తగ్గించాడు. "మౌళిగాడే అయి ఉంటడు. కానీ మనోడు. మనమే పేరు పెట్టి చెప్తె ఏం బాగుంటది," అన్నాడు.

ఆ ముక్క నిజమే. సుభాషిణిని నిద్రపోనివ్వనిది కూడా అదే. వరుసలో ఒకరి మోటరు కాలిపోతే ఇంకొకరు తమది విప్పి ఇచ్చే వాడ అది. అక్కడ ఎవరి మీదికీ వేలు చూపించడం అలవాటు లేదు. కానీ వేలు చూపించకపోతే తన షెడ్డు పోతుంది. ఊరి బయట ఎక్కడో కొత్త షెడ్డు దొరికినా, వర్ధన్నపేట నుంచి ట్రాక్టర్ తోలుకొచ్చే రైతు అంత దూరం రాడు. అతను రాకపోతే ఆమె చేతికి పని లేదు.

ఆదివారం ఆమె చంద్రమౌళి ఇంటికి వెళ్లింది. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. బట్టతల మీద అడ్డదిడ్డంగా గీతలు, వాటి మీద పసుపు.

"మౌళన్నా, సూటిగ అడుగుతాన్న. ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనైతె నీకు చాయ్ తాపి మరీ చెప్తుంటి," అన్నాడాయన. "అమ్ముకుంటనని అన్న. అన్నది నిజం. అసలైతె భానుచందర్ అని ఒక బిల్డర్ నా కాడికొచ్చిండు. ఈడ ఏదో టవర్లు కడ్తడట. నాకు ఎన్కల దిక్కు ఫ్లాటు ఇస్తనన్నడు. రోడ్డు మొహంది అడిగిన. అది మీ కమిటీల ఇంకొకాయనకు మాట అయిపోయిందన్నడు. ఎవరికయ్యా అంటె నవ్విండు. నాకు ఎన్కల దిక్కా? కోపమొచ్చి వాణ్ని ఎల్లగొట్టిన."

ఇంకొకాయన. అంటే ఇద్దరే మిగిలారు. చంద్రమౌళి నిజం చెబుతుంటే.

"సోమవారం మేడం వస్తది. ఫాతిమా ఆపా షెడ్డు కాడికి నువ్వు గూడ రా అన్నా. ధర్నా కాదు. ఉత్తగనే జాతర ముచ్చట్లు చెప్పుకుందాం."

---

సోమవారం పొద్దున ఫాతిమా బేగం షెడ్డులో దూది బేళ్లే కుర్చీలయ్యాయి. వాడ వాడంతా వచ్చింది. మేడారం నుంచి తెచ్చిన బెల్లాన్ని, వీళ్లు బంగారం అంటారు దాన్ని, పళ్లెంలో పెట్టి అందరికీ పంచారు. కావ్యకు కూడా ఒక ముక్క ఇచ్చారు. ఆమె కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. చేతిలో ట్యాబ్ సిద్ధంగా ఉంది.

"నాకు ఒంటి గంట దాకే టైముంది," అంది.

"మస్తు టైము మేడం," అంది సుభాషిణి. "మౌళన్నా, మేడంకు జాతర ఎరుక లేదట. గురువారం తల్లి వచ్చుడు ఎట్ల చూసినవో నువ్వు చెప్పు."

చంద్రమౌళి మొహం చిట్లించాడు. "ఏం చూసిన? ఒక కానిస్టేబుల్ వీపు చూసిన. తల్లి వస్తాంది, వస్తాంది అని ఒకటే లొల్లి. ఎవడో ఎదురుకోడిని ఇసిరేసిండు. అది సక్కగ వచ్చి నా నెత్తి మీద కూసున్నది. నేను దాన్ని దించుకుంటనే ఉన్న. అది దిగేటాళ్లకు తల్లి పోయింది." తల వంచి గీతలు చూపించాడు. "ఇగో, సాక్ష్యం."

షెడ్డు ఘొల్లుమంది. ఎదురుకోడి అంటే ఏమిటని కావ్య పక్కకు వంగి అడిగింది. తల్లికి ఎదురుగా కోళ్లను ఎగరేస్తారని ఫాతిమా బేగమే ఆమెకు చెప్పింది.

"సదానందం అన్నా, నువ్వు?"

ట్రంకు పెట్టెల సదానందం సిగ్గుపడ్డాడు. ఆయన బదులు కట్టమ్మ అందుకుంది. "ఈయన జంపన్నవాగుల మునిగిండు. లేచేసరికి ఇంకెవరి ఎన్కనో పోయిండు. నేను మైకుల పిలిపిచ్చిన."

"నేను మైకు డేరా కాడికి పోయేసరికి ఈమె నన్ను దేవులాడ పోయింది," అన్నాడు సదానందం. "మల్ల నేను ఈమెను పిలిపిచ్చిన. గట్లనే గురువారం మొత్తం గడిచింది. తల్లి వచ్చిందని మైకులనే విన్న."

"నేను గూడ విన్న," అన్నాడు చంద్రమౌళి. "ట్రంకు పెట్టెల సదానందం, ఎక్కడున్నా జల్ది రావాలె అని. కోడి నెత్తి మీద ఉండంగ గూడ నవ్వొచ్చింది."

వెనక వరుసల్లోంచి ఇంకో పదిమంది తామూ విన్నామన్నారు. కట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారంగన్నా," అంది సుభాషిణి. ఆమె గొంతు మారలేదు. "నువ్వు చెప్పు."

సారంగపాణి లేచి నిలబడ్డాడు. మాట్లాడటం ఆయనకు ఇష్టం. నినాదాలు ఇచ్చిన గొంతు షెడ్డంతా నిండింది.

"వీళ్లకు చూసే అదృష్టం లేదు మేడం. నేను చూసిన. చిలకలగుట్ట మీది నుంచి పూజారి దిగుతాంటె ఆ నడకనే వేరు. చంకల ఎర్రగుడ్డ చుట్టిన కుంకుమ భరిణె. కండ్లు అరమోడ్పు. పోలీసాయన తుపాకి ఎత్తి గాల్లకు పేల్చిండు. పొగ ఎడమ దిక్కు పోయింది. ఇగ గద్దె మీద తల్లిని నిలిపేటప్పుడైతె నాకు ఒళ్లు జలదరిచ్చింది."

ఆడవాళ్లు కొందరు చేతులు జోడించారు. కావ్య కూడా ఆసక్తిగా వింటోంది. సుభాషిణి మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. చిన్నప్పటి నుంచి ఆమె ఒక్క జాతర కూడా తప్పలేదు. ఒక్కసారి కూడా ఇవేవీ ఆమెకు కనపడలేదు. ఎప్పుడూ ఎవరిదో మోచెయ్యి, ఎవరిదో జుట్టు, నోటి నిండా దుమ్ము.

"తుపాకి పేల్చింది గుట్ట కాడ గద అన్నా?"

"గుట్ట కాడనే."

"నువ్వు దగ్గరనే ఉన్నవా?"

"పొగ వాసన గూడ వచ్చింది."

"గద్దె మీద నిలిపేటప్పుడు?"

"గద్దె ముంగటనే ఉన్న. ఇగో, నీకు నాకు ఉన్నంత దూరం."

జోడించిన చేతులు కిందికి దిగాయి. ఒక్కొక్కరుగా అందరికీ అర్థమవుతోంది. కావ్యకే అర్థం కాలేదు. ఆమె ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసింది.

"మేడం," అంది సుభాషిణి, "గుట్ట కాడ నిలబడ్డోనికి గద్దె కనపడది. గద్దె ముంగట నిలబడ్డోనికి గుట్ట కనపడది. నడుమ మొత్తం జనమే. కాలు ఎత్తితె మల్ల కింద పెట్టేందుకు జాగ దొరకది. రెండు చోట్ల ఉండి రెండూ మంచిగ చూసింది ఆ రోజు ఒక్కటే."

"ఏంటది?"

"టీవీ."

"మా ఇంట్ల గూడ గట్లనే వచ్చింది సారంగ్ భాయ్," అంది ఫాతిమా బేగం. నొప్పించడం ఇష్టం లేనట్టు మెల్లగా. "పూజారి కండ్లు, ఎడమ దిక్కు పొగ. మా పిల్లలు చూస్తాంటె నేను గూడ చూసిన."

"నడుమ సిమెంటు అడ్వర్టైజ్‌మెంట్ గూడ వచ్చిందా అన్నా?" అన్నాడు అహ్మద్.

ఎవరో కిసుక్కుమన్నారు. సారంగపాణి నవ్వలేదు. "జనంల నూకుడుకు ఆడికి ఈడికి పోయిన," అన్నాడు. చంద్రమౌళి ఆయన వైపే చూస్తున్నాడు.

"రోడ్డు మొహం ఫ్లాటు," అన్నాడు చంద్రమౌళి, తనలో తాను అనుకున్నట్టు. "నీకిచ్చిండా?"

సారంగపాణి దూది బేలు మీద కూర్చుండిపోయాడు.

కావ్య గొంతు సవరించుకుంది. "నాకు అర్థమైంది. కానీ అర్థమైతే సరిపోదు. టీవీ చూశారని నేను రిపోర్టులో రాయలేను. షెడ్డు హక్కుదారుల్లో ఒకరు నోరు తెరిచి, ఫలానా మనిషి ఇచ్చిన తప్పుడు తేదీ అని చెప్పాలి. అప్పుడే మళ్లీ సర్వే."

చంద్రమౌళి బట్టతల తడుముకున్నాడు. సదానందం నేల చూశాడు. అహ్మద్ తెరిచి ఉన్న తలుపు వైపు తిరిగాడు. ఇంతసేపూ నవ్విన వాడ అంతా ఇప్పుడు నోటికి తాళం వేసుకుంది. ఒకే వరుసలో ఏళ్ల తరబడి ఒకరి చాయ్ ఒకరు తాగినవాళ్లు. ఆ పేరు అందరి నాలుక మీదా ఉంది. బయటికి మాత్రం రావడం లేదు.

సుభాషిణి చెప్పాలనుకుంది. తన షెడ్డు, తన ట్రాక్టర్ రైతులు, తన పని, అంతా ఆ ఒక్క పేరు మీదే ఉంది. ఆమె నోరు తెరిచింది. ఎవరూ తనను నమ్మని రోజున, ఈ గేటు నువ్వే చెయ్యాలె చెల్లె, అన్న మనిషి ఎదురుగా తల వంచుకుని కూర్చున్నాడు. అయినా ఒక అడుగు ముందుకేసింది.

"నువ్వు ఆగు చెల్లె."

ఆడవాళ్ల మధ్య నుంచి సమ్మమ్మ లేచింది. సారంగపాణి భార్య. నుదుట ఇంకా జాతర పసుపు ఉంది. ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి కావ్య ముందు నిలబడింది.

"గ్రానైట్ షెడ్డు ఎవలి పేరున ఉన్నది మేడం? జర చూడున్రి."

కావ్య ట్యాబ్ చూసింది. "మహిళల కోటాలో ఇచ్చింది. సమ్మమ్మ అని ఉంది."

"నేనే సమ్మమ్మను." ఆమె భర్త వైపు తిరిగింది. కళ్లలో కోపం కంటే వెక్కిరింపే ఎక్కువ ఉంది. "మూడు దినాలు దేవులాడిన నిన్ను. తొక్కిసలాటల పడ్డవో, వాగుల కొట్టుకపోయినవో అని గద్దె కాడ ఏడ్చిన. నువ్వు సోఫల కూసొని తల్లిని చూస్తాన్నవా? నా షెడ్డు అమ్మేటందుకు నన్నే జాతరకు తోలినవా?"

"నీ కోసమే సమ్మీ," అన్నాడు సారంగపాణి, వినపడీ వినపడనట్టు. "ఫ్లాటుల లిఫ్టు గూడ ఉంటదన్నడు. నీ మోకాళ్ల నొప్పులకు."

"నా మోకాళ్లు మేడారం పోయి వచ్చినయ్. నీయే పోలే."

ఆపుకుందామన్నా ఆగక షెడ్డంతా మళ్లీ నవ్వింది. సుభాషిణి కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. సారంగపాణి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కానీ కాదనలేదు.

సమ్మమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, గొంతు సవరించుకుని, రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినపడేలా చెప్పింది.

"రాసుకో బిడ్డా. తప్పుడు తేదీ ఇచ్చింది, జీపుకు గేటు తీసింది మా ఇంటాయన. సారంగపాణి."